నీడపోగు

ఎనభై ఏడో గొట్టాన్ని ఉత్తరం కిటికీ వైపు ఎత్తి యెవ్లాంపీ నజారిచ్ కుడికన్ను ఆనించాడు. లోపల వెలుగు, చెరువులో రాయి పడ్డట్టు, వలయాలు వలయాలుగా దూరం పోతోంది. కిటికీ ఊచ నీడ గొట్టం గోడ మీద సన్నని పోగులా పడుతుంది. పోగు నిటారుగా ఉంటే తుపాకి గొట్టం తిన్నగా ఉన్నట్టు. వంగితే గొట్టాన్ని సరిచేసే మర చక్రాన్ని వెంట్రుకవాసి తిప్పాలి. ముప్ఫై నాలుగేళ్లుగా అతని బతుకు ఆ సన్నని బెజ్జంలోనే గడిచింది. జార్ కాలపు యుద్ధానికీ, ఇప్పుడు జర్మన్లతో యుద్ధానికీ ఈ కార్ఖానా తుపాకులే. భార్య పోయిన మర్నాడు ఆ వలయాల చివర ఆమె బట్టలు ఆరేస్తూ కనిపించింది.

మేస్త్రీ కొంద్రాత్ వచ్చి రెండు గొట్టాలు బల్ల మీద పెట్టాడు. రెంటి మీదా యెవ్లాంపీ ముద్ర, చిన్న చేప బొమ్మ.

"గుండు పక్కకి పోతోంది, నజారిచ్ మామా."

యెవ్లాంపీ చూశాడు. పోగు నిటారుగానే ఉంది. పక్కబల్ల ఒనిస్యాకి అందించాడు. మొగుణ్ణి యుద్ధంలో పోగొట్టుకుని, నిరుడు చలికాలంలో పల్లె నుంచి వచ్చి ఈ పనిలో చేరిన మనిషి.

"వంగింది మామా. కొడవలిలా ఉంది."

"పంట కోతల మీదే ఉందే నీ ధ్యాసంతా!"

ఆమె నవ్వలేదు. యెవ్లాంపీ పొద్దుట తను ముద్ర వేసిన పది గొట్టాలు ఆమె ముందు పెట్టాడు. ఆమె వంగినవి మూడు పక్కకి తీసింది.

చేప పడిన గొట్టాన్ని ఇంకెవరూ కిటికీకి ఎత్తి చూడరు. అక్కడి ఆచారం అది. పని మానేవాడు తన ముద్ర అచ్చును తానే చితక్కొట్టాలి. యెవ్లాంపీ దాని మీద చెయ్యి వేశాడు.

"అంత పని చెయ్యకు మామా," కొంద్రాత్ గొంతు తగ్గించాడు. "మధ్యాహ్నం యుద్ధానికి పోయే రైలుబండి ఎలా నింపను? పని మానితే నీ రేషను రొట్టె కూడా సగానికి కోసేస్తారు."

"పొద్దుటి బండి?"

"కామా నది దాటేసింది."

యెవ్లాంపీ సుత్తి అందుకున్నాడు. ఆ బండిలో తన చేపలు ఎన్ని ఈదిపోతున్నాయో! యుద్ధంలో ఏ తల్లిబిడ్డ చెంపకి ఆనుకుంటాయో!

"ఇక్కడున్నవన్నీ ఒనిస్యా చేత మళ్లీ చూపించరా," అన్నాడు. ఉక్కు దిమ్మె మీద ముద్ర అచ్చు పెట్టి మూడు దెబ్బలు కొట్టాడు. చేప చదునైపోయింది.

బయట చెరువు గట్టు మీద నీళ్లూ ఆకాశమూ అతనికి ఒకటిగానే కనిపించాయి. వెలుగులోకి తడుముకుంటూ నడిచిపోయాడు.

ఒనిస్యా అతని బల్లకి మారింది. కిటికీ గట్టు మీద అతను మోచేతులు ఆన్చుకునే గొర్రెబొచ్చు దిండు ఉంది. అందులో రెండు గుంటలు, ఇంకా వెచ్చగా.