బ్రౌజర్ ఒప్పుకోని సంవత్సరం

వారం రోజులుగా మా ఇంటి కంప్యూటర్‌లో బ్రౌజర్ నా ప్రాణం తోడేస్తోంది. ఏ సైటు తెరిచినా ఒకటే పాట, మీ గడియారం వెనకబడింది అని. తెర మూలన చూస్తే పొద్దున్న మూడు గంటలు, సంవత్సరం 2017. నాన్న చేతి గడియారంలోనూ మూడే. గోడ మీది చర్చి క్యాలెండర్‌లోనూ 2017. ఇంకేం వెనకబడిందట దీని మొహం?

బ్రౌజర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. పేరుకున్న చెత్తంతా తుడిచాను. చివరికి నైరోబీలో ఉన్న చిన్నాన్న కూతురు హిరుత్‌కి ఫోన్ చేశాను.

అది నవ్వింది. "ఒసేయ్, మన ఇథియోపియాలో గంటలు పొద్దుపొడుపు నుంచి మొదలు, ఏళ్లు లోకం కంటే ఎనిమిది వెనక. ఆ లెక్క దానికేం తెలుసే? లోకానికిప్పుడు తొమ్మిది గంటలు, 2025."

అలాగే మార్చాను. సైట్లన్నీ తెరుచుకున్నాయి. హమ్మయ్య అనుకుని కాఫీ కాచుకొచ్చేసరికి మళ్లీ 2017. కుర్చీలో నాన్న కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వేనా నాన్నా మార్చింది?"

"పోయిన వారమే దిద్దానమ్మా. ఎవరో మళ్లీ పాడుచేశారు."

"నేనే. లోకమంతా 2025లో ఉంది నాన్నా."

"ఉండనీ." నా చేతిలో కప్పు తీసుకుని ఒక గుక్క తాగాడు. "ఎనిమిదేళ్లు ముందుకు తోసేశావు. అక్కడ నేనుంటానా?"

మౌస్ మీద చెయ్యి వేశాను. నాన్న తెర వైపు చూస్తున్నాడు. చెయ్యి తీసేశాను.