మూఢంలో గృహప్రవేశం

గోడంత తెరమీద హనుమాయమ్మ మొహం పడింది. చేతిలో తాళంచెవి. ముందు పొయ్యి. పొయ్యిమీద పొంగి పొర్లుతున్న పాలు. ఫొటోలో హనుమాయమ్మ పండగలా నవ్వుతోంది. తెర ఎదురుగా కుర్చీలో కూర్చున్న హనుమాయమ్మ మాత్రం నవ్వడం లేదు.

"యే ఆప్ హీ హై నా, అమ్మాజీ?" అన్నాడు మేనేజరు తనేజా, తేనె పూసిన గొంతుతో.

గ్రేటర్ నోయిడాలో గగన్‌ఛాయ టవర్ల కంపెనీ ఆఫీసు అది. కింద పాలరాయి, పైన అద్దాల దీపాలు, మనిషి మనిషికీ మంచినీళ్ళ సీసా. ఆ హాల్లో ముప్పై పైచిలుకు తెలుగు కుటుంబాలు కూర్చుని ఉన్నాయి. చేతుల్లో కంపెనీ నోటీసులు. మిగిలిన సొమ్మంతా నెలాఖరులోగా కట్టాలి. పెరిగిందని కంపెనీ చెప్పే స్థలానికి కట్టాలి. గృహప్రవేశం పూజ జరిగిన రోజు నుంచి మెయింటెనెన్సు కట్టాలి. కట్టకపోతే ఇల్లు రద్దు. లిఫ్టు గుంత గుంతగానే ఉంది. కుళాయి తిప్పితే గాలి వస్తుంది. ఇళ్ళలో కాపురం ఉండవచ్చని సర్కారు ఇచ్చే కాగితం ఇంకా రాలేదు. ఉండని ఇంటికి మెయింటెనెన్సేమిటని అడగడానికి వాళ్ళు వచ్చారు.

తెరమీద ఫొటోలు మారుతున్నాయి. ప్రతి ఫొటోలో ఒక తాళంచెవి, ఒక పొయ్యి, పొంగే పాలు.

"తాళం తీసుకున్నారు. పూజ చేశారు. మీ పద్ధతిలో పాలు పొంగించారు. అంటే స్వాధీనం అయిపోయినట్టే. ఆ రోజు నుంచీ ఇల్లు మీది, ఖర్చులు మీవి. సింపుల్!" అన్నాడు తనేజా.

శివరామకృష్ణ లేచాడు. నోయిడా సెక్టారు అరవై రెండులో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద ఉద్యోగం. ఇస్త్రీ చొక్కా నలగనివ్వని మనిషి. "ఎక్స్‌క్యూజ్ మీ. ఒక్క గంట పూజకని తాళాలిచ్చి, సాయంత్రమే వెనక్కి తీసుకున్నారు మీరు. ఇది చీటింగ్" అన్నాడు.

ఆ మాట పూర్తయ్యేలోపే నల్ల బనీన్ల వస్తాదులిద్దరు వచ్చి అతని కాలరు పట్టుకున్నారు. కళ్ళజోడు పాలరాతిమీద పడింది. ఒకడి బూటు దానిమీద పడింది. సంచిని ఈడ్చినట్టు ఈడ్చుకుపోయి గేటవతల పడేశారు.

అంతమందిలో ఒక్కరు లేవలేదు. జీతగాళ్ళు, చదువుకున్నవాళ్ళు, ఇంగ్లీషులో ఈమెయిళ్ళు రాయగలవాళ్ళు, అందరూ తమ తమ చెప్పుల వంక చూసుకున్నారు. హనుమాయమ్మా లేవలేదు. ఆమె చూపు వేరేచోట ఉంది. తనేజా పక్క కుర్చీలో, కంపెనీ ఇచ్చిన కాఫీ చప్పరిస్తూ, సదాశివరావు కూర్చుని ఉన్నాడు.

సదాశివరావు ఎవరనుకున్నారు? రిటైరైన పెద్ద ఆఫీసరు, తెలుగు సంఘానికి అధ్యక్షుడు. ఉగాదికి పచ్చడి ఆయనే పంచుతాడు, ఎవరు పోయినా శ్మశానానికి ముందు ఆయనే వస్తాడు. ఈ కుటుంబాలన్నిటినీ గగన్‌ఛాయకి తోలుకొచ్చింది ఆయనే. "పరాయి ఊళ్ళో మనవాళ్ళం ఒకేచోట ఉందామమ్మా. బిల్డరు నాకు తెలిసినవాడు, నాదీ పూచీ" అన్నాడు. మనవాడు అన్నాక ఇంకేం అడుగుతారు?

హనుమాయమ్మ అద్దంకి దగ్గర పల్లెటూరి మనిషి. మొగుడు పోయాక లక్ష్మీనగర్లో మెస్సు పెట్టింది. కలెక్టర్లవుదామని వచ్చిన తెలుగు పిల్లలకి అన్నం వండి పెడుతుంది. ఆ మెస్సు వెనక గదిలో, బియ్యం బస్తాలకీ నూనె డబ్బాలకీ మధ్య చాప వేసుకుని పడుకుంటుంది. ఆమె కోరికల్లా ఒక్కటే. వేసుకుంటే పడే తలుపు, ఆ తలుపు వెనక తన పక్క. దానికోసం ఊళ్ళో ఎకరం పొలం అమ్మింది, మెస్సు మీద అప్పు చేసింది. సదాశివరావుకి ప్రతి ఆదివారం గోంగూర మాంసం క్యారియరు పంపింది, డబ్బు తీసుకోకుండా.

ఆ పూజ కూడా ఆయన పుణ్యమే. "చెల్లెమ్మా, మూఢం వచ్చేస్తోంది. మళ్ళీ మంచి ముహూర్తం ఎప్పుడో! పనులు ఎలాగూ అవుతాయి, పాలు పొంగించేసుకుందాం. కంపెనీని నేను ఒప్పిస్తాను" అన్నాడు. శుక్రమూఢమంటే భయంలేని ఇల్లు మనలో ఏది? కిటికీలకి రెక్కలు లేకపోయినా సరే, బిందెలతో నీళ్ళు మోసుకుని పదకొండు అంతస్తులెక్కి, అందరూ ఒకే పూట గృహప్రవేశాలు చేశారు. ఫొటోలు తీయించింది కూడా ఆయనే. "తాళంచెవి కాస్త పైకెత్తు చెల్లెమ్మా. ఆఁ, నవ్వు" అన్నాడు. ఆమె పైకెత్తింది. నవ్వింది.

తడిగుడ్డతో గొంతు కోయడమంటే అదే.

"అన్నయ్యగారూ! ఆ ఫొటోలు మీరుగదా తీపిచ్చింది?" అంది హనుమాయమ్మ.

"కంపెనీవాళ్ళు ఆల్బమ్‌కని అడిగితే ఇచ్చానమ్మా. తొందరపడకండి. నాలుగు రూపాయలు అటూ ఇటూ సర్దుకుందాం" అన్నాడాయన, కాఫీ కప్పులోకి చూస్తూ.

బయటకి వచ్చాక వైశాలి చెప్పింది. వరంగల్ పిల్ల, నోయిడాలో ఉద్యోగం, హనుమాయమ్మ టవర్లోనే ఇల్లు కొన్నది. "ఆంటీ, ఆయినకి పక్క టవర్ల రెండు ఫ్లాట్లు ఉన్నయ్, అల్లుని పేరు మీద. మనకిచ్చిన నోటీసు ఆయినకి రాలే. మనందర్నీ ఎడ్లను తోలినట్టు తోలి, తోలినందుకు కూలి తీస్కున్నడు."

హనుమాయమ్మ ఏడవలేదు. రోడ్డు దాటి టవర్ల వైపు నడిచింది. తన ఇంటిని ఒకసారి చూసుకోవాలనిపించింది. గేటు దగ్గర గార్డు కర్ర అడ్డం పెట్టాడు. పక్కనే టీ బండి దగ్గర పదిమంది పనివాళ్ళు కూర్చుని ఉన్నారు. వాళ్ళ మేస్త్రీ దశరథ్, ఝాన్సీ వైపు మనిషి, పైపుల పనివాడు. ఆమెను ఎగాదిగా చూసి, "క్యా అమ్మా, ఇల్లు చూసుకోడానికి వచ్చారా? ముందు మా కూలి పైసలు కట్టండి" అన్నాడు.

"నేనేంది నీకు కట్టేది?" అంది హనుమాయమ్మ, కూరల మండీలో నేర్చుకున్న హిందీలో.

"మీ ఓనర్లు కంపెనీకి పైసా కట్టడం లేదట. అందుకే హోలీ నుంచి మాకు కూలి లేదు. తనేజా సాబ్ చెప్పాడు."

హనుమాయమ్మ అతని ఎదురుగా ఇటుకలమీద కూలబడింది. "మాకేం జెప్పాడో ఎరుకనా? లేబరోళ్ళు ఊళ్ళకి పారిపోయారు, అందుకే లిఫ్టు ఆగిపోయింది, నీళ్ళు రాలేదు అన్నాడు."

దశరథ్ తనవాళ్ళ వైపు తిరిగాడు. "సునో రే! మనం పారిపోయామట!" పనివాళ్ళు నవ్వారు. ఆ నవ్వులో నవ్వు లేదు. "పారిపోవడానికి బస్సు చార్జీలైనా ఇచ్చాడా బే వాడు?" అన్నాడొకడు. దశరథ్ ఆమెకొక టీ గ్లాసు అందించాడు. ఒకే నాలుకమీద రెండు అబద్ధాలు. ఒకటి ఇటు, ఒకటి అటు. మధ్యలో సొమ్ము మాత్రం ఒకే జేబులోకి.

ఆదివారం మధ్యాహ్నం మెస్సులో భోజనాలయ్యాక బల్లలు పక్కకి జరిపి మీటింగు పెట్టారు. కుటుంబాలన్నీ వచ్చాయి. పిలిచినందుకు దశరథ్, అతని మనుషులు కూడా వచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డారు. హనుమాయమ్మ వాళ్ళని లోపలికి పిలిచి ఆకులు వేసింది. అది చూసి కొందరు మొహాలు చిట్లించారు.

శివరామకృష్ణ కొత్త కళ్ళజోడు సర్దుకున్నాడు. "లాయర్ని కలిశాను. కేసు ఏళ్ళు పడుతుందట. మన ఫొటోలే వాళ్ళకి సాక్ష్యమట. నెలాఖరుకి మాత్రం క్యాన్సిల్ చేస్తారు. నా మాట వింటే కట్టేద్దాం. ధర్నాలూ అవీ మనకెందుకు? ఎఫ్ఐఆర్ పడితే నా ఉద్యోగం పోతుంది. మనం లేబర్ కాదుకదా."

"కాదా సార్?" అన్నాడు గోడకానుకున్న జశ్వంత్. అనంతపురం పిల్లాడు, సివిల్స్ రాస్తూ మెస్సులో తింటాడు. "మెడ బట్టి గెంటినప్పుడు లేబరా, సాఫ్ట్‌వేరా అని వాడేమన్నా అడిగినాడా?"

"మీకేం బాబూ, పోయేదేముంది!"

"అదే గదా సార్ మా బలము."

"అరే, మీరిద్దరు కొట్లాడుకుంటే తనేజా మళ్ళ కాఫీ తాగుతడు" అంది వైశాలి. "ఇయ్యాల కడితే రేపు ఇంకోటంటడు. పార్కింగంటడు, గాలికి కూడా బిల్లేస్తడు. ఏందన్నా, ఎన్నిసార్లు కడ్తవ్?"

"అసలు సదాశివరావుగారు మనవాడే కదా, ఒకసారి ఆయన్ని బతిమాలితే..." అని ఎవరో నసిగారు.

అప్పుడు హనుమాయమ్మ గరిటె కింద పెట్టింది. "మనోడా? యాడ మనోడయ్యా? నా చేతికూడు తిని నా ఫొటో అమ్ముకున్నోడు మనోడు. నా మొహమెరగనోడు నాకు టీ ఇప్పిచ్చాడు, ఆయన పరాయోడు. తెలుగు మాట్టాడితే మనోళ్ళయితే ఇంకేం? చిలకని పెంచుకుందాం."

జశ్వంత్ గోడ వదిలి ముందుకొచ్చాడు. నవ్వుతాలుకి అన్నాడు. "ఆంటీ, పాలు పొంగిస్తే ఇల్లు మనదై పోతాదంట కదా. ఇంగ నాకు సివిల్సెందుకు? ఒక లీటరు పాలు తీసుకొని పోయి పార్లమెంటులో పొంగించేసి వస్తా."

అందరూ ఘొల్లున నవ్వారు. దశరథ్‌కి ఎవరో హిందీలో చెబితే అతనూ నవ్వాడు. హనుమాయమ్మ నవ్వలేదు.

"ఆ కంపెనీ ఆఫీసులో పొయ్యి పెడితే?" అంది.

నవ్వులు ఆగిపోయాయి.

"మూఢం నడుస్తోంది కదమ్మా" అంది ఒక ముసలావిడ, అలవాటుకొద్దీ.

"నడవనీ. ముహూర్తం చూసి చేస్తేగదా ఈ గతి పట్టింది. ఈసారి మూఢం వాడికి."

ఆ శనివారం గగన్‌ఛాయ ఆఫీసులో కొత్త టవర్ల అమ్మకాల మేళా. బెలూన్లు, సన్నాయి, కొత్త కొనుగోలుదార్లు, వాళ్ళ పిల్లలు. హనుమాయమ్మ వెనక గేటు నుంచి వచ్చింది. దశరథ్ నెత్తిన పెద్ద గంగాళం, అతని మనుషుల భుజాన గ్యాసు పొయ్యి, సిలిండరు, పాల క్యాన్లు. గార్డులు పక్కకి తప్పుకున్నారు. వంటవాళ్ళనుకున్నారు. గిన్నెలు మోసేవాళ్ళ మొహాలు ఈ దేశంలో ఎవరు చూస్తారు? ముందు గేటు నుంచి మిగతా కుటుంబాలు కొనేవాళ్ళలాగా ఒక్కొక్కరే లోపలికొచ్చాయి. శివరామకృష్ణ రాలేదు.

పాలరాతి హాలు నడిమధ్య పొయ్యి దిగింది. వైశాలి ముగ్గేసింది. జశ్వంత్ గడప లేని గుమ్మానికి మామిడాకులు కట్టాడు. హనుమాయమ్మ కొంగు నడుముకి బిగించి పొయ్యి వెలిగించింది. పనివాళ్ళూ, తెలుగువాళ్ళూ, విద్యార్థులూ చేతులు పట్టుకుని చుట్టూ రెండు వరసలుగా కూర్చున్నారు. వస్తాదులు పరిగెత్తుకొచ్చారు. మరుగుతున్న గంగాళం, చుట్టూ ఆడవాళ్ళు, అంతా చూస్తున్న కొత్త కొనుగోలుదార్లు. ఎక్కడ చెయ్యి వేయాలో వాళ్ళకి తెలియలేదు.

"క్యా తమాషా హై యే!" తనేజా టై ఊడిపోయేలా వచ్చాడు.

"గృహప్రవేశం సాబ్. పాలు పొంగితే ఆఫీసు మాదైపోద్ది. మీ పద్ధతే గదా" అంది హనుమాయమ్మ.

"పాగల్ హో గయే హో? పాలు పొంగిస్తే ఎక్కడైనా స్వాధీనమైపోతుందా?" అని అరిచాడు తనేజా.

హాలంతా వినిపించింది. చుట్టూ ఫోన్లన్నీ పైకి లేచి ఉన్నాయి.

"ఇంకొక్కసారి అనుర్రి సార్, గట్టిగ" అంది వైశాలి, ఫోను అతని మొహం మీదకి పెట్టి. "పాలు పొంగిస్తే స్వాధీనం కాదు. అంతే కదా? మరి మా నోటీసులేంది?"

తనేజా ఆ ఫోనుని చేత్తో పక్కకి తోశాడు. కొత్తగా కొనడానికొచ్చిన ఒక సర్దార్జీ చేతిలో ఉన్న రంగుల పుస్తకం మడిచి కుర్చీలో పడేశాడు. "చలో జీ" అని పెళ్ళాన్ని లేపాడు. అతని వెనక ఇంకొకరు లేచారు.

అప్పుడు పరిగెత్తుకొచ్చాడు సదాశివరావు. "చెల్లెమ్మా, ఏమిటీ పని? మన తెలుగువాళ్ళ పరువు ఏం కావాలి?"

పాలు అంచుదాకా వచ్చాయి. పొంగాయి. పాలరాతిమీద పడి బుసబుసలాడాయి. హనుమాయమ్మ ఒక గ్లాసు నింపి ఆయన ముందుకి చాపింది.

"ఇదుగో, గృహప్రవేశం పాలు. తాగండి అన్నయ్యగారూ." ఆయన చెయ్యి కదల్లేదు. "తాగరా? అయితే ఫొటో అన్నా తియ్యండి. మీ చెయ్యి తిరిగిన పనేగా. ఇంద, ఈసారి తాళంచెవి లేదు. గరిటె పైకెత్తుతా."

గరిటె పైకెత్తింది. నవ్వింది. సదాశివరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. పాలమీద కాలు జారి, తనేజా చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. ఆ ఇద్దర్నీ అలా చేతులు పట్టుకుని ఉండగా జశ్వంత్ ఫొటో తీశాడు.

పోలీసులు వచ్చారు. దశరథ్‌ని ముందు కొట్టారు. చేతిలో గరిటె ఉన్నవాళ్ళకంటే చేతులు కాయలు కాచినవాళ్ళని ముందు కొట్టడం వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. హనుమాయమ్మ అడ్డం పడింది. ఇద్దర్నీ వ్యానెక్కించారు. పొయ్యిని లాఠీతో తోసేశారు. గంగాళం బోర్లాపడి హాలంతా పాలు పారాయి.

స్టేషన్లో సాయంత్రం ఇనస్పెక్టరు కాగితం ముందేసుకుని అడిగాడు. "పేరు?" చెప్పింది. "చిరునామా?"

ఇన్నేళ్ళూ ఎవరడిగినా లక్ష్మీనగర్ ఇంటిగలాయన పేరు చెప్పి, ఆయన ఇంటి వెనక అని చెప్పేది. ఈసారి అలా చెప్పలేదు.

"గగన్‌ఛాయ. సి టవరు. పదకొండో అంతస్తు."

"అది రద్దవుతుందట కదా. కంపెనీవాళ్ళు ఇప్పుడే ఫోన్ చేశారు."

"ఎవరు రద్దు జేసేది?" అంది హనుమాయమ్మ. "రాసుకో అయ్యా, పదకొండో అంతస్తు."

పక్కన పెదవి చిట్లి కూర్చున్న దశరథ్ ఉలిక్కిపడి తలెత్తాడు. కిటికీలోంచి వాసన వస్తోంది. పాలు మాడుతున్న వాసన. కానిస్టేబుల్ వెళ్ళి చూసి, తిరిగొచ్చి, తలుపు బార్లా తెరిచాడు.

స్టేషను ముందు రోడ్డు పొడుగునా పొయ్యిలు. ఇంటికొక పొయ్యి, పొయ్యికొక గిన్నె. అన్నిటికంటే ముందు, గేటుకి ఎదురుగా, ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి శివరామకృష్ణ గొంతుక్కూర్చుని ఉన్నాడు. పొయ్యి ముట్టించడం రాక అగ్గిపుల్లలన్నీ పాడుచేస్తున్నాడు. పక్కనున్న పైపుల పనివాడొకడు అతని చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకుని, "ఐసే, భాయ్" అని వెలిగించాడు.

"నా పేరు కూడా రాసుకోండి!" అని లోపలికి వినబడేలా అరిచాడు శివరామకృష్ణ.