మూరెడు చోటు

"మూరన్నర," అన్నాడు ఫైవిష్. "అంతకు తగ్గితే చెయ్యను. వేరే వడ్రంగిని చూసుకో."

ఇటలీ రేవులో కట్టేసిన ఆ పాత ఓడ మొన్నటిదాకా బొగ్గు మోసింది. ఇప్పుడు దాని కడుపులో మనుషులు పడుకోవడానికి చెక్క అరలు కట్టాలి. మనిషికి మూరన్నర చొప్పున వదిలితే నాలుగు వందల మంది పడతారు. మూర చొప్పున అయితే ఆరు వందలు. హిట్లర్ శిబిరాల్లో చావగా మిగిలిన యూదులు ఆరు వందల మంది ఒడ్డున కాచుకుని ఉన్నారు. పాలస్తీనాను ఏలుతూ వాళ్లను రానివ్వని ఇంగ్లీషువాళ్ల కన్నుగప్పి అక్కడికి చేరడానికి ఇదొక్కటే ఓడ.

"మూరే," అంది హెన్యా. ఇరవై నాలుగేళ్ల మనిషి. ఓడ బేరం చేసిందీ, రేవు పోలీసుల నోరు మూయించిందీ, రొట్టెలు తెప్పించిందీ ఆమే. ఎవర్ని అడిగినా మాత్రం కెప్టెన్ పేరే చెప్పేవారు.

"అమ్మాయ్, నా పెళ్లాం ఎత్కా శిబిరంలో అలాంటి మూరెడు చెక్క మీదే పోయింది. మళ్లీ దాన్నే నా చేత్తో చెయ్యమంటావా?"

"నేనూ వాటి మీదే పడుకున్నాను, పెద్దాయనా. ఎంత వెడల్పో నువ్వు నాకు చెప్పక్కర్లేదు."

చచ్చిపోయిన పెళ్లాం పేరెత్తితే ఎవరైనా మెత్తబడతారు. ఏడాదిగా ఫైవిష్ ఆ పేరు చెప్పి ఎన్నో పనులు తప్పించుకున్నాడు. హెన్యా మెత్తబడలేదు. సంచిలోంచి కాగితాలు తీసి చెక్క మీద పరిచింది. ఆరు వందల పేర్లు.

"సరే, మూరన్నరే కానియ్. నీ చెవి మీద పెన్సిలుందిగా. రెండొందల పేర్లు తీసెయ్. నేను మాత్రం తియ్యను."

అతను పెన్సిలు అందుకున్నాడు. ప్రతి పేరు పక్కనా వయసు రాసి ఉంది. ముసలివాళ్లను తియ్యాలా? దగ్గుతున్నవాళ్లనా? ఆ లెక్క అతనికి కొత్త కాదు. శిబిరంలో చేతికర్రతో మనుషుల్ని పనికి కుడికీ, చావుకి ఎడమకీ విడగొట్టినవాణ్ణి దగ్గరగా చూశాడు.

"పాపిష్టిదానివే నువ్వు."

"అవును. గీత పెట్టు."

పెట్టాడు. కాగితం మీద కాదు, చెక్క మీద. సరిగ్గా మూర దగ్గర.

"అంచులు నున్నగా చిత్రిక పడతాను," అన్నాడు. "ఒక్క పేడు కూడా ఎవరికీ గుచ్చుకోకూడదు. రెండ్రోజులు ఎక్కువ పడుతుంది."

"ఒక్కరోజు."

"ఒకటిన్నర."

"సరే."

పని ముగిసిన ఉదయం పాలస్తీనాలోని యూదుల సంఘం తరఫున ఒక పెద్దమనిషి వచ్చి, ఓడలోకి దిగి అరలు చూశాడు. "కెప్టెన్ బుర్రే బుర్ర. ఆరు వందల మందికి చోటు తీశాడు!"

"కెప్టెనా?" అన్నాడు ఫైవిష్. "వాడికి ఓడ ముందేదో వెనకేదో తెలుసు. అంతవరకే. కొలత హెన్యాది. ఓడా ఆమెదే."

"హెన్యానా? వంటలు చూసుకుంటుందన్నారే?"

"వంటలూ చూసుకుంటుంది. నిన్నూ చూసుకుంటుంది, ఇక్కడే నిలబడితే. మెట్లకి అడ్డు లే. ఆరు వందల మంది దిగాలి."

పెద్దమనిషి తప్పుకున్నాడు. పైన హెన్యా మొదటి పేరు పిలిచింది.