ఆవిడకి ఏమేం ఇష్టం

మాటల టీచరమ్మ ఇచ్చిన కాగితంలో పద్నాలుగు ప్రశ్నలున్నాయి. పదమూడింటికి లిఫ్టు మెకానిక్కు టకటకా జవాబులు రాసి పారేశాడు. పేషెంటు తన భార్య, వయసు యాభై రెండు, ఉద్యోగం బస్సు డిపోలో టికెట్ల కౌంటరు, కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయి, మాట పడిపోయి ఇవాళ్టికి ముప్పై ఆరో రోజు. పద్నాలుగో ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. 'పేషెంటుకి ఏమేం ఇష్టం? వివరంగా రాయండి' అని ఉంది. కింద ఎనిమిది గీతలు ఖాళీగా వదిలారు.

ఇరవై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషికి ఎనిమిది గీతలు ఒక లెక్కా? మన మెకానిక్కు మాత్రం పావుగంట సేపు పెన్ను కొరికి, 'ఇల్లు శుభ్రంగా ఉండటం' అని రాశాడు. ఇంకాసేపటికి 'టీవీ' అని రాశాడు. ఆ రెండోది పచ్చి అబద్ధం. ఆ ఇంట్లో టీవీ చూసేది అతనే.

టీచరమ్మ అది చదివి కళ్ళజోడు తీసింది. ఆసుపత్రి కింది అంతస్తులో ఆమె గది. గోడ మీద తెరిచిన నోటి బొమ్మ, బల్ల మీద ఒక అద్దం. అతని భార్యని చక్రాల కుర్చీలో అద్దం ముందు కూర్చోబెట్టి ఉంచారు. టీచరమ్మ అతన్ని గుమ్మం బయటికి పిలిచి, ఆవిడకి వినపడకుండా చెప్పింది.

"ఇవి పనికిరావు సార్. ఆవిడ దేని గురించి పోట్లాడతారో అది కావాలి నాకు. మాట పడిపోయినవాళ్ళని ఇది అనండి, అది అనండి అంటే రాదు. కానీ వాళ్ళకి ప్రాణమైన విషయం గురించి ఎవరైనా తప్పు చెప్పారనుకోండి, ఒక్కోసారి ఉండబట్టలేక 'కాదు' అనేస్తారు. ఆ ఒక్కటీ బయటికొస్తే మిగతావాటికి దారి దొరుకుతుంది. మీరు కావాలని తప్పు చెప్పాలి."

"తప్పు చెప్పడమేగా. అది నాకు బాగా వచ్చండీ," అన్నాడతను.

"తప్పు చెప్పాలంటే ముందు ఒప్పు తెలియాలిగా." కాగితం తిరిగి అతని చేతిలో పెట్టింది. "శుక్రవారం దాకా చూద్దాం. అప్పటికీ రాకపోతే బొమ్మల అట్ట ఇచ్చేస్తాను. దాహమేస్తే గ్లాసు బొమ్మ మీద వేలు పెడతారు, అలా."

రోజుకి వెయ్యిమంది అడిగే ఊళ్ళకి దారి చెప్పిన మనిషి, ఇక మీదట గ్లాసు బొమ్మ మీద వేలు పెట్టుకుంటూ బతకాలా?

ఆ సాయంత్రమే మరదలింటికి పోయాడు. ఆమె ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. కాగితం చూసి మిషను ఆపింది.

"ఇది నన్నడుగుతున్నావా బావా?"

"తెలీకే కదా అడుగుతున్నా."

మరదలు సూది కింద దారం తెంపి, చెప్పడం మొదలుపెట్టింది. "అక్కకి సంగీతమంటే ప్రాణం."

"ఎప్పుడూ కూనిరాగమైనా తియ్యలేదే."

"పాట కాదు. పల్లవికీ చరణానికీ మధ్య వాయిద్యాలొస్తాయి చూడు, అదీ. మళ్ళీ మాటలు మొదలయ్యేసరికి దానికి సరదా పోతుంది. ఏ పాటలో ఫ్లూటు ముందొస్తుందో, ఏ పాటలో వయొలిన్లో, నిద్రలో లేపి అడిగినా చెప్పేది."

మెకానిక్కు నాలుక్కరుచుకున్నాడు. పాట ఆగింది కదా అని సరిగ్గా అక్కడే రేడియో తగ్గించి, టీ పెడతావా అని అడగటం అతని అలవాటు.

"తర్వాత చరిత్ర. రాజులూ యుద్ధాలూ కాదు, వంతెనలు. మన పాత వంతెనకి పన్నెండు కమానులు. మొదట కట్టినాయన పోయాక వరదొచ్చి చివరి రెండూ కొట్టుకుపోయాయట. ఆయన దగ్గర పనిచేసిన తాపీమేస్త్రీ మళ్ళీ కట్టాడు. అందుకే ఆ రెండిటి రాయి రంగు వేరు. శిలాఫలకం మీద ఆ మేస్త్రీ పేరు లేదని దీనికి కోపం."

"ఎప్పటి కోపం?"

"పెళ్ళికి ముందు నుంచీ ఉంది. ఇంక తిరగడం. సెలవు రోజున నా దగ్గరికొచ్చేదనుకున్నావా? ఏదో ఒక బస్సెక్కి చివరి స్టాపు దాకా పోయి, అక్కడో అరగంట తిరిగి అదే బస్సులో వచ్చేసేది. నలభై మూడు చూసింది. ఊరెలా ఉంటుందో తెలీకుండా టికెట్టు చింపి ఇవ్వడం మోసంలా ఉంటుందట దానికి."

"నాతో ఒక్క ముక్క అనలేదు."

"మొదటిసారి అందట. 'అక్కడేముందని వెళ్ళావ్' అన్నావుట."

అన్నాడు. అన్నట్టు గుర్తొచ్చింది కూడా. ఆ గుర్తొచ్చినదాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియక, అడ్డదిడ్డంగా మాట్లాడాడు. "సంగీతమెక్కడ, వంతెనలెక్కడ, బస్సులెక్కడ? ఈ మూడింటికీ సంబంధమేంటి?"

"ఇష్టాలకి సంబంధాలు చూడ్డానికి అవేమన్నా పెళ్ళికెదిగాయా బావా?" అని మరదలు నవ్వబోయి, నవ్వు రాక మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

మెకానిక్కు నాలుగు రోజులు సెలవు పెట్టాడు. లిఫ్టు ఆగిపోతే తాళ్ళూ బ్రేకులూ తలుపులూ ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి లోపం పట్టుకునే మనిషి, ఇదీ అలాగే పట్టుకోవచ్చనుకున్నాడు. వంతెన మీద స్కూటరు ఆపి, కింద ఇసుకలోకి దిగి కమానులు లెక్కపెట్టాడు. పన్నెండు. చివరి రెండూ ఎర్రరాయి. ఈ వంతెన మీద వెళ్ళినప్పుడల్లా వెనక కూర్చుని ఆవిడ భుజం తట్టేది, ఒక్క నిమిషం ఆపమని. వెనక బళ్ళు హారన్లు కొడుతున్నాయంటూ అతను ఒక్కసారీ ఆపలేదు. ఇప్పుడు హారన్లు కొడుతూనే ఉన్నాయి, ఎవరికీ ఏమీ కాలేదు.

ఫోనులో పాటలు పెట్టుకుని, మాటలు వదిలేసి మధ్యలోవి విన్నాడు. బస్సెక్కి ఒక చివరి స్టాపుకి కూడా వెళ్ళొచ్చాడు. అక్కడ ఒక నీళ్ళ కుళాయి, రెండు బెంచీలు, సున్నం రాలిన గోడ ఉన్నాయి. అరగంట నిలబడ్డాడు గానీ వీటిలో ఏం చూడాలో అతనికి అంతుపట్టలేదు. పక్కన ఆవిడ ఉంటే బాగుండునని ఏడుపొచ్చింది. వచ్చిన బస్సులోనే తిరిగొచ్చాడు.

శుక్రవారం మధ్యాహ్నం ముగ్గురూ టీచరమ్మ గదిలో ఉన్నారు. ముందు మరదల్ని మొదలుపెట్టమంది టీచరమ్మ.

"అక్కా, మన పాత వంతెనకి పది కమానులేగా?"

ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. ఎడమ చెయ్యి కుర్చీ మీంచి లేచింది.

"పదీ ఒక్కడే కట్టాడు కదా. శిలాఫలకం మీద పేరున్న ఆయనే."

"కా," అంది ఆవిడ. పెదవి ఒక పక్కకి లాగేసింది. "కా... దు. పన్... పన్నె..."

మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెకానిక్కు స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. ముప్పై తొమ్మిది రోజుల తర్వాత ఆ గొంతు విన్నాడు, బొంగురుగా, కోపంగా, అచ్చం ఆవిడదే.

"ఇప్పుడు మీరు సార్," అంది టీచరమ్మ. "ఇంట్లో ఉండేది మీరు. మీతో రావాలి."

అతను స్టూలుని చక్రాల కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "ఆ వంతెనకి ఎనిమిదే కమానులు. మొన్న చూశాను."

ఆవిడ అతని వైపు తిరిగింది. నుదుటి మీద ముడి విడిపోయింది. మెల్లగా తలూపింది.

"ఎనిమిదీ కాదు, ఆరు. ఎవరో రాజుగారు కట్టించాడట."

తలూపింది.

"చివరి స్టాపులన్నీ ఒక్కలాగే ఉంటాయి. పాటల మధ్యలో వాయించేది దండగ." అతని గొంతు పెరిగింది. "దండగే కదా, చెప్పు."

ఆవిడ ఎడమ చేత్తో అతని మోకాలి మీద రెండుసార్లు తట్టి, మళ్ళీ తలూపింది. ఆ కళ్ళలో కోపం లేదు. కోపం ఉంటే ఎంత బాగుండేదో.

టీచరమ్మ గొంతు తగ్గించి అడిగింది. "మీరు ఏదన్నా తప్పు మాట్లాడితే ఆవిడ దిద్దేవారా సార్?"

"దిద్దేది. మొదట్లో."

తర్వాత ఏమైందని ఆమె అడగలేదు. దిద్దినప్పుడల్లా 'ఏదో ఒకటిలే, నీతో నేను వాదించలేను' అనేవాడు. ఎప్పుడు మానేసిందో అతనికి తెలియనే తెలియదు. ఇంట్లో ప్రశాంతంగా ఉందని మాత్రం తెలుసు. మా ఇంట్లో మాటా మాటా అనుకోవడం ఉండదని తోటి మెకానిక్కుల దగ్గర గొప్పలు కూడా పోయాడు.

టీచరమ్మ వారానికి మూడు రోజులు చెల్లెల్ని తీసుకురమ్మని రాసింది. ఇంట్లో వాడుకోవడానికి బొమ్మల అట్ట అతనికిచ్చింది.

వరండాలో కుర్చీ ఆపి, అతను ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అటూ ఇటూ జనం పోతున్నారు.

"అన్నీ తప్పు చెప్పాను. పన్నెండు. దిగి లెక్కపెట్టాను నేను. చివరి రెండూ ఎర్రరాయి, మేస్త్రీ కట్టాడు, పాపం ఆయన పేరు వెయ్యలేదు. నువ్వు చెప్పిందే నిజం. వింటున్నావా?"

వింది. అంతా ఓపిగ్గా వింది. ఎనిమిదన్నప్పుడు ఎలా తలూపిందో, ఆరన్నప్పుడు ఎలా తలూపిందో, పన్నెండుకీ అలాగే తలూపింది.