తెర కింద రెండు ఇటుకలు

"లేచి నిలబడమ్మా. అందరికీ వినపడేలా చెప్పు. ఈ సంతకం నీదేనా?"

మేనేజరు చేతిలో కాగితం ఆడించాడు. భాగీరథి లేచింది. బగ్దల్ పల్లె నుంచి రోజూ ఏడింటి బస్సుకు వచ్చే రైతుబిడ్డ. మూడేళ్ళుగా ఈ హాల్లోనే కూర్చుని టైపు చేస్తోంది.

"నాదే సార్."

"ఏం రాసి ఉంది? 'శిక్షణ తరవాత నా మెడనొప్పి తగ్గింది' అని కదూ? మరి రోజుకి మూడు వందల ఫారాలు కొట్టాల్సినదానివి, నిన్న నూట అరవైతో ఎందుకు ఆగిపోయావు?"

"చెయ్యి తిమ్మిరెక్కుతాంది సార్. మెడకాడికెల్లి వేళ్ళ దాక గుంజుతాంది. పట్టు దొరుకుతలేదు."

"తగ్గిందని సంతకం పెట్టినదానివి, మళ్ళీ గుంజుతోందంటే ఏమనుకోవాలి? అప్పుడు చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చేస్తున్నది బద్ధకమా? రేపట్నుంచి రానక్కర్లేదు."

భాగీరథి బల్ల కింద నుంచి టిఫిన్ డబ్బా తీసుకోబోయింది. కుడిచేతి వేళ్ళు డబ్బాను పట్టలేకపోయాయి. డబ్బా కింద పడి మూత ఊడింది. జొన్నరొట్టె, పుండికూర బండల మీద పడ్డాయి. ఆ పిల్ల ఎడమచేత్తో రొట్టె ఏరుకుంటుంటే నలభై మూడు తలలు కంప్యూటర్ల ముందు వంగే ఉన్నాయి. అందులో హేబ్సిబా తల కూడా ఒకటి.

హేబ్సిబా సిగ్గుతో చచ్చిపోయింది. ఎందుకంటే ఆ సంతకాల కాగితాలన్నిటికీ మొదలు ఆమె నోరే.

అవి హైదరాబాదు ఉబ్బిపోతున్న రోజులు. మాదాపూర్‌లో నెలకో అద్దాల మేడ లేచేది. కూలివాడి జేబులో కూడా మొబైల్ ఫోను మోగేది. ఫోను కావాలంటే ఫారం నింపాలి కదా, ఆ ఫారాలు లక్షల్లో పోగుపడేవి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించే పని హైదరాబాదులో కంటే బీదర్‌లో చవక. అందుకని కంపెనీ ఇక్కడ మూతపడిన ఫంక్షన్ హాలు ఒకటి అద్దెకు తీసుకుంది. పెళ్ళిభోజనాల బల్లలే ఆఫీసు బల్లలయ్యాయి, ప్లాస్టిక్ కుర్చీలే ఆఫీసు కుర్చీలు. గోనెసంచుల్లో ఫారాలు పొద్దున బస్సు మీద దిగేవి. ఫారం బల్ల మీద పరిచి ఉంటుంది, పాత డబ్బా కంప్యూటరు తెర ఛాతీ ఎత్తున ఉంటుంది. ఎనిమిది గంటలు తల కిందికే. హైదరాబాదు తల ఎత్తుకోవడానికి బీదర్ పిల్లలు తల దించుకున్నారన్నమాట, అంతే సంగతి.

ఏడాది తిరక్కుండానే మెడలు పట్టేశాయి. దవాఖానాకు పోయే సెలవులు ఏటేటా ఎక్కువయ్యాయి. మూడో ఏడు చివర్లో కంపెనీకి తమ మీద ప్రేమ పుట్టుకొచ్చిందనుకున్నారు పిల్లలు. మెడనొప్పి తగ్గించే కార్యక్రమం అని ప్రకటించి, హైదరాబాదు నుంచి ఒక మేడంను పంపించారు. ఐదు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలూ అన్నం తినే వేళలోంచే కోశారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని ఊరికే అన్నారా!

మేడం మాత్రం మంచిది. దాచడమెందుకు, ఉన్నమాట చెప్పాలి. ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి భుజాలు సరిచేసింది. మెడ ఎలా తిప్పాలో, గడ్డం ఎలా వెనక్కి లాగాలో ఓపిగ్గా చూపించింది. గోడకొక బొమ్మ అంటించింది. అందులో టైపు చేస్తున్న పిల్లకు తెర కంటికెదురుగా ఉంది, కాగితం పక్కన స్టాండు మీద నిలబడి ఉంది. "అసలు మందు ఇదే, వ్యాయామం దీనికి తోడు మాత్రమే" అని కూడా చెప్పింది. మేనేజరు ఆ మాట వింటూ గడియారం చూసుకున్నాడు.

ఐదోనాడు మేడం అడిగింది. "ఎవరెవరికి తగ్గింది?"

అప్పుడు లేచింది హేబ్సిబా.

మంగల్‌పేటలో హేబ్సిబా ఉండే క్రైస్తవుల వాడలో శనివారం సాయంత్రం స్త్రీల ప్రార్థన జరుగుతుంది. ఒకరి జబ్బు కోసం అందరూ ప్రార్థించాక "ఎట్లుందమ్మా?" అని అడుగుతారు. "తగ్గింది, దేవునికి స్తోత్రం" అని సాక్ష్యం చెప్పాలి. తగ్గలేదంటే ప్రార్థించినవాళ్ళను చిన్నబుచ్చినట్టు. ముందు నోరు ఒప్పుకుంటే వెనక ఒళ్ళు ఒప్పుకుంటుందని తల్లి కృపమ్మ చిన్నప్పుడే నేర్పింది. అంత దూరం నుంచి వచ్చి అంత కష్టపడిన మనిషిని ఉత్తచేతులతో ఎలా పంపడం? హేబ్సిబా చెయ్యెత్తి, గొంతెత్తి చెప్పింది: "నా మెడనొప్పి తగ్గింది మేడం. స్తోత్రం."

ఆమె వెనక మంగల్‌పేట పిల్లలందరూ లేచారు. వాళ్ళను చూసి ఊళ్ళ నుంచి వచ్చే హిందువుల పిల్లలూ లేచారు. అమ్మాయిలు అబ్బాయిలు కలిపి నలభై ఒక్కమంది. మేనేజరు వెంటనే కాగితాలు పంచాడు. దేవుడు సాక్ష్యానికి సంతకం అడగడు, కంపెనీ అడుగుతుంది. ఆ తేడా వాళ్ళకు తెలియలేదు.

భాగీరథి వెళ్ళిపోయిన మర్నాడు అన్నంవేళ అందరూ మిద్దె మీద చేరారు. డబ్బాలు ఎవరూ విప్పలేదు.

"నువ్వు లేసి స్తోత్రమన్నవ్, నీ ఎనుక మేమన్నం," అంది చిట్గుప్ప నుంచి వచ్చే పిల్ల అంబిక.

"నేను కొలువు కోసం అనలే. ఆమె మనసు నొచ్చుకుంటదని అన్న," అంది హేబ్సిబా.

"ఆమె మనసు మంచిగనే ఉంది. భాగీరథి చెయ్యి పోయింది."

హేబ్సిబాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన మెడ మాత్రం తగ్గిందా? రాత్రిళ్ళు పక్కకు తిరిగి పడుకోలేకపోతోంది. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు నోరు లేకుండా చేసుకుంది.

"ఊకోండ్రి," అన్నాడు క్రిస్టోఫర్. అతనూ మంగల్‌పేటవాడే. రెండేళ్ళ కింద సూపర్‌వైజరయ్యాడు, అప్పట్నుంచి మెల్లగా మాట్లాడటం నేర్చుకున్నాడు. "గీ నౌకరీ కోసం బయట లైన్ కట్టి ఉన్నరు. ఉన్నదాన్ని బర్వాద్ చేస్కోకుండ్రి."

"నీ మెడ ఎట్లుందన్నా?" అని అడిగింది అంబిక. క్రిస్టోఫర్ కిందికి దిగిపోయాడు.

ఒక అర్జీ రాశారు. తెరలు ఎత్తు చెయ్యండి, కాగితాలకు స్టాండ్లివ్వండి, భాగీరథిని పనిలోకి తీసుకోండి అని. మేనేజరు చదివి నవ్వాడు. "నొప్పి లేనివాళ్ళకి స్టాండ్లెందుకమ్మా? ఇదిగో, నలభై ఒక్కమందికి తగ్గిపోయింది." రెండోసారి పోతే హెడ్డాఫీసుకు పంపానన్నాడు. మూడోసారి పోతే 'ఏ అర్జీ?' అన్నాడు. గోడకు చెప్పుకున్నా కాస్త సున్నమైనా రాలుతుంది. ఈ మనిషితో అదీ లేదు.

ఆ సాయంత్రం హేబ్సిబా ఇంట్లో మెడకు తుండుగుడ్డ చుట్టుకుని కూర్చుంది. తండ్రి ఏసప్ప తాపీమేస్త్రి, ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి ఇంట్లోనే ఉంటున్నాడు. కూతురి జీతం మీదే పొయ్యి వెలుగుతోంది. అంతా విని అన్నాడు: "గోడ వంకరుంటే మేస్త్రి వంగుతడా, గోడను సక్కజేస్తడా? తెర కిందున్నదని నీ మెడ వంచుడేందే? తెరనే లేపు. పెరట్ల ఇటుకలున్నయి, రెండు తీస్కపో."

తీసుకుపోయింది. రెండిటుకలు నిలువుగా పెట్టి, వాటి మీద కంప్యూటరు తెర ఎక్కించింది. ఫారాన్ని టిఫిన్ డబ్బాకు ఆనించి నిలబెట్టింది. గోడ మీది బొమ్మలాగే కూర్చుంది. మధ్యాహ్నానికి పక్క పిల్ల చూసింది. వారం తిరిగేసరికి హాలు నిండా ఇటుకలే. హాలు ఊడ్చే తాయవ్వ, ఒకప్పుడు మట్టితట్టలు మోసిన మనిషి, చూసి ముసిముసిగా నవ్వింది. "నెత్తి మీద మోసినన్నాళ్ళు మా మెడలు సక్కగనే ఉండె బిడ్డా. మీరు కుర్సీల కూసోని పోగొట్టుకుంటిరి. ఇప్పుడు తెలివొచ్చింది."

మెడలు కాస్త తేలికయ్యాయి. ఫారాలు కూడా ఎక్కువే పడ్డాయి. అయితే ఏం లాభం! పని బాగుపడటం కాదు, పనివాడు తనంతట తాను బాగుపడటం కంపెనీవాళ్ళకు గిట్టదు.

ఒక పొద్దున వచ్చేసరికి బల్లల మీద ఒక్క ఇటుకా లేదు, అన్నీ హాలు పెరట్లోకి విసిరేసి ఉన్నాయి. తెరలన్నీ మళ్ళీ కిందికి దిగి ఉన్నాయి.

"ఇది ఆఫీసా, ఇటుకబట్టీయా?" అన్నాడు మేనేజరు. "శుక్రవారం హైదరాబాదు నుంచి మనకు పనిచ్చే ఫోను కంపెనీవాళ్ళు వస్తున్నారు, మన మెడనొప్పి కార్యక్రమం ఎంత బాగా జరిగిందో చూడటానికి. ఫోటోల్లో ఇటుకలు కనిపిస్తే పరువుంటుందా? హేబ్సిబా, ఆరోజు చెప్పినట్టే చెప్పాలమ్మా నువ్వు. నువ్వు చెబితే వినబుద్ధవుతుంది. వచ్చే నెల నుంచి టీం లీడరు నువ్వే."

ఆ మాట అందరూ విన్నారు. అంబిక ఆమె వంక ఒక్కసారి చూసి తల తిప్పుకుంది. ఆ చూపు మెడనొప్పి కంటే ఎక్కువ పొడిచింది. మూడు రోజులు హేబ్సిబాకు అన్నం సయించలేదు. లీడరయితే ఇల్లు గట్టెక్కుతుంది. ఎదురు చెబితే పొయ్యి ఆరిపోతుంది. గురువారం పని దిగాక బగ్దల్ బస్సెక్కింది.

భాగీరథి వాకిట్లో కూర్చుని ఎడమచేత్తో అన్నం తింటోంది.

"ఎందుకొచ్చినవక్కా?"

"తప్పు జేసిన. చెప్పుకునేటందుకొచ్చిన."

"నాకు చెప్తే ఏమొస్తది? ఏడ జేసినవో ఆడ చెప్పు," అంది భాగీరథి, ముద్ద కలుపుకుంటూనే.

శుక్రవారం ఫోను కంపెనీవాళ్ళు ముగ్గురు వచ్చారు. కెమెరా వచ్చింది. గులాబీ దండలు వచ్చాయి. నలభై ముగ్గురూ నిలబడి మెడలు తిప్పారు, గడ్డాలు లాగారు. ఫోటోలు తీశారు. మేనేజరు కళ్ళతోనే సైగ చేశాడు. హేబ్సిబా ముందుకొచ్చింది.

"సాక్ష్యం చెప్తున్న," అంది. "ఆరోజు నేను చెప్పింది ఝూట. నా నొప్పి తగ్గలే. మేడం మనసు నొవ్వొద్దని అన్న. నా మాట పట్టుకొని అందరు సంతకం పెట్టిన్రు. ఆ కాగితం చూపించి, చెయ్యి పడిపోయిన పిల్లను ఎల్లగొట్టిన్రు. మేం ఇటుకలు పెట్టుకుంటే అవి గూడ పారేసిన్రు. నేను దేవుని ముందల, మీ ముందల ఒప్పుకుంటున్న. నా మెడ నొస్తాంది."

"ఏయ్, కూర్చో!" అన్నాడు మేనేజరు.

"నా మెడ గూడ నొస్తాంది," అంది అంబిక. "నాది గూడ," అంది ఆమె పక్కపిల్ల. వరస వెంట వరస అదే మాట. ఎవరూ కూర్చోలేదు. మేడం నేర్పినట్టే మెడలు నిటారుగా పెట్టి నిలబడ్డారు. ఇంతలో తాయవ్వ పెరటి తలుపు తెరుచుకుని వచ్చింది. తట్టలో ఎనిమిది ఇటుకలు నెత్తి మీద పెట్టుకుని, చెయ్యైనా ఆనించకుండా నడిచి వచ్చి, దండల పక్కన దింపింది.

మేనేజరు పోలీసులకు ఫోను చేశాడు. ఇటుకలతో దాడికి వచ్చారని ఫిర్యాదు. హేబ్సిబానూ తాయవ్వనూ జీపెక్కించారు, ఎనిమిది ఇటుకలనూ ఎక్కించారు. మిగిలినవాళ్ళు జీపు వెనకే ఠాణా దాకా నడిచి, సాయంత్రం వరకూ గేటు ముందు కూర్చున్నారు. లోపల ఫిర్యాదు టైపు చేస్తున్న పోలీసాయన ప్రతి రెండు లైన్లకోసారి ఆగి మెడ నొక్కుకుంటున్నాడు. తాయవ్వ చూసి చూసి అంది: "సారూ, ఆ ఇటుకలు రెండు కంపూటర్ కింద పెట్టుకో. ఊరికెనే ఉన్నయి గద." ఆయన కసిరాడు. కానీ చీకటి పడే వేళకు కాగితాల మీద సంతకాలు తీసుకుని వాళ్ళను వదిలిపెట్టినప్పుడు, జప్తు చేసిన ఇటుకలు ఎనిమిదిలో ఆరే బెంచీ మీద ఉన్నాయి.

మర్నాడు పొద్దున ఆఫీసు గేటుకు తాళం వేసి ఉంది. బస్సు మీద దిగిన ఫారాల సంచులు గేటు ముందే పడి ఉన్నాయి. ఒక్కొక్కరే వచ్చారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు, అయినా ప్రతివాళ్ళూ చేతికొక ఇటుకతో వచ్చారు. క్రిస్టోఫర్ తన దగ్గరుండే గేటు తాళంచెవి లోపల పెట్టేసి, పక్క సందులోంచి వచ్చి వరసలో నిలబడ్డాడు. అతని చేతుల్లోనూ రెండున్నాయి. "నాది గూడ నొస్తాందక్కా," అన్నాడు హేబ్సిబాతో, తల దించుకుని. "తల లేపి చెప్పు తమ్మీ," అంది ఆమె. ఏడింటి బస్సు దిగి భాగీరథి వచ్చింది, ఎడమచేత ఒక ఇటుకను ఛాతీకి అదుముకుని.

మేనేజరు గేటు లోపల నిలబడి ఉన్నాడు. అతని చేతిలో కొత్త కాగితాల కట్ట ఉంది.

"చూడండి, పాత గొడవలన్నీ మరిచిపోదాం. నొప్పి తగ్గినవాళ్ళు చెయ్యెత్తండి, సంతకం పెట్టి లోపలికి వచ్చేయండి. మిగతావాళ్ళ సంగతి హెడ్డాఫీసు చూసుకుంటుంది."

ఒక్క చెయ్యీ లేవలేదు. చేతులన్నిటిలోనూ ఇటుకలున్నాయి. భాగీరథి కుడిచెయ్యి ఒక్కటే ఖాళీగా ఉంది. అది ఎత్తుదామన్నా లేచేది కాదు.

హేబ్సిబా ముందుకు వెళ్ళి తన ఇటుకలు గేటు ముందు పెట్టింది. వాటి మీద భాగీరథి తన ఇటుక పెట్టింది. ఆ వెనక అందరూ వరసగా, గేటుకు అడ్డంగా గోడలా పేర్చసాగారు.