సందు లేని గోడ

హన్మాండ్లు ముక్కుకు తువ్వాలు బిగించి ఇంకో బకెట్ నీళ్లు గుమ్మరించాడు. గల్ఫు దేశంలో, ముసఫ్ఫాలోని ఆ ఇనుప సామాను కంపెనీలో ఆఫీసు మరుగుదొడ్డి ఆగస్టులో కొట్టే కంపు సామాన్యమైంది కాదు. ఒకసారి కిటికీ తెరిస్తే, రోడ్డు మీద ట్రక్కులో పోతున్న ఒంటె ముక్కులు మూసుకుని అల్ ఐన్ ఊరు చేరేదాకా తెరవలేదట. హన్మాండ్లే చెప్పాడు. ఒంటెను అడిగినవాళ్లు లేరు.

పద్దెనిమిదేళ్లుగా ఇదే పని. తోమడం, తుడవడం, పాలు లేని సులేమానీ చాయ్ కాచి సార్లకు అందించడం. ఫినాయిల్‌కు నాని వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడ్డాయి. నడుము వంగిపోయిందని ఎవరూ గమనించలేదు. అతన్ని నిటారుగా నిలబడగా చూసినవాళ్లే తక్కువ.

ఇవాళ మాత్రం ఒక కన్ను వాకిలి మీదే ఉంది. ఆరు నెలల తర్వాత సిద్ధార్థ్ సార్ వస్తున్నాడు. ఆఫీసు మొత్తానికి తెలుగు ఇంజినీరు అతనొక్కడే. ముదీర్ చెవిన మాట వేయగలిగినవాడూ అతనొక్కడే. ఆ ముదీర్, అంటే పెద్ద మేనేజరు, మొన్న హన్మాండ్లును పిలిచి "లంబీ ఛుట్టీ. తన్ఖా నై. ఖలాస్" అన్నాడు. జీతం లేని పొడుగు సెలవు. ఇవాళ సాయంత్రమే విమానం. అయినా పొద్దున్నుంచి తోమిస్తూనే ఉన్నారు.

ఆ సెలవంటే ఏమిటో కూలీలుండే క్యాంపులో అందరికీ తెలుసు. కరోనా ఏడాది అట్లా పోయిన మల్లేశ్‌కు పిలుపు ఇంకా రాలేదు. ఆర్మూరు బస్టాండులో అరటిపళ్లు అమ్ముకుంటున్నాడు. యాభై దాటినవాణ్ని వీసా ఇచ్చి వెనక్కి పిలిచే కఫీల్ ఇంకా పుట్టలేదు. ఇక తనూ ఇంట్లో పెళ్లాం కొమురవ్వ బీడీలు చుడుతుంటే, ఎదురుగా కూర్చుని ఆకు కత్తిరించడమే.

సార్ వచ్చాడు. గడ్డం పెంచాడు, రంగు తేలాడు. వస్తూనే హన్మాండ్లు నెత్తిన, రెండు చెవులు కిందికి వేలాడే ఎర్రటి ఉన్ని టోపీ తగిలించాడు. బయట ఎండకు డాంబరు మెత్తబడుతోంది. టోపీ తడిసిన గొర్రె వాసన కొడుతోంది.

"నీకోసమే తెచ్చా హన్మాండ్లూ, కుస్కో నుంచి!"

"సార్, ఒక్క మాట..."

"ముందిది చూడవయ్యా!" సార్ ఫోను ముందుకు తోశాడు. "పెరూ దేశంలో, ఆండీస్ కొండల మీద ఊరు. ఎప్పటివో ఇన్కా రాజుల గోడలు. సున్నం లేదు, మట్టి లేదు. రాయికీ రాయికీ మధ్య కత్తిమొన కూడా దూరదు!"

సార్ మాటలూ అట్లాగే ఉన్నాయి. హన్మాండ్లు ఎన్నిసార్లు నోరు తెరిచినా సందు దొరకలేదు.

తర్వాతి ఫోటోలో పళ్లెం. అందులో నాలుగు కాళ్లూ చాపి, పళ్లు ఇకిలించి, నిలువునా వేగిన జంతువు.

"గిదేంది సార్, పందికొక్కా?"

"గినీ పిగ్గయ్యా. అక్కడ పండగ భోజనం. రెండు లాగించా." సార్ పెదాలు తడుపుకున్నాడు.

ఇన్నేళ్లు మరుగుదొడ్డిలో రాని డోకు అప్పుడు వచ్చింది. హన్మాండ్లు దాన్ని గుటకేసి, ఆ నోటితోనే చెప్పాడు.

"ముదీర్ నన్ను లాంగ్ లీవ్ మీద తోలుతుండు సార్. ఇయ్యాల్నే ఫ్లైటు. మీరొక్క మాట జెప్తె ఆగుతది. మీ కాల్మొక్త."

సార్ మొహం వెలిగిపోయింది. "ఎంత అదృష్టమయ్యా! నేను బతిమాలి తీసుకుంది అదేగా! సబాటికల్ అంటారు. మనిషి కొత్తగా పుడతాడనుకో. హాయిగా పోయిరా!"

"మీ కుర్సీ మీకు ఉంచిండ్రు సార్. మరి నాకు?"

సార్ వినలేదు. అప్పటికే పక్క బల్ల దగ్గర పళ్లెం చూపిస్తూ నవ్వుతున్నాడు. ఆ పళ్లకూ పళ్లెంలోని పళ్లకూ హన్మాండ్లుకు పెద్ద తేడా కనబడలేదు.

మధ్యాహ్నం సార్ మరుగుదొడ్డికి పోయి, నీళ్లు కొట్టకుండానే వచ్చాడు. హన్మాండ్లు ముక్కు మూసుకుని మళ్లీ వంగాడు.

సాయంత్రం క్యాంపు వ్యాను హారన్ మోగింది. "యల్లా, పద హన్మాండ్లూ!" అని డ్రైవర్ షావలి కేక. హన్మాండ్లు మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, వాసన చూసుకుని, మళ్లీ రుద్దుకుని, వెళ్లిపోయాడు. ఆఫీసులో ఎవరూ తల ఎత్తలేదు.

కాసేపటికి సార్ కేకేశాడు. "హన్మాండ్లూ, ఒక సులేమానీ!"

చాయ్ రాలేదు. లేచి వెతుక్కుంటూ వెళ్లాడు. ఓరగా వేసిన మరుగుదొడ్డి తలుపు సందులోంచి ఎర్రటోపీ కనబడింది.

"ఇక్కడున్నావా! పిలుస్తుంటే వినపడట్లా?" అంటూ తలుపు నెట్టాడు.

మూలన మాప్ కర్ర తలకిందులుగా నిలబడి ఉంది. దాని తడి కుచ్చు నెత్తిన ఉన్ని టోపీ. వేలాడుతున్న రెండు చెవుల కొసల నుంచీ ఫినాయిల్ నీళ్లు ఒక్కో చుక్కే కారుతున్నాయి.