రిజిస్టరు ఇంటికొచ్చిన రోజు

పాలు మళ్లీ విరిగాయి. "గిన్నె సరిగ్గా తోమలేదేమో చూడు" భార్యతో అన్నారు పాపారాజు గారు పేపరులోంచి తలెత్తకుండా. సూర్యావతి విరిగిన పాలు పారబోసింది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ గిన్నె తోముతున్న చెయ్యి అదే. మారింది నీళ్లు. కొనుక్కునే టిన్ను నీళ్లు రాని రోజున కుళాయి నీళ్లు కలిపితే చాలు, పాలు విరిగిపోతున్నాయి. ఊరి మంచినీళ్ల చెరువుకి పడమటగా రొయ్యల చెరువులు తవ్వాక మొదలైంది ఈ ఉప్పదనం. అప్పుడే నాట్ల పనీ పోయింది. వాళ్ల పొలంలో నాట్లు వేసే లోవలక్ష్మి మూట పట్టుకుని, పని వెతుక్కుంటూ రాజమండ్రి బస్సెక్కుతూ "వెళ్లొస్తానండీ" అంది. మళ్లీ రాలేదు. ఆ మాట ఇప్పటికీ సూర్యావతి గుండెలో గుచ్చుకుంటూనే ఉంది.

పంచాయతీ కార్యదర్శి దుర్గాసాయి గ్రామసభ రిజిస్టరు పట్టుకొచ్చాడు. ఆడవాళ్ల సంతకాలు ఎప్పుడూ ఇలా ఇళ్ల దగ్గరే అయిపోతాయి. సభ మాత్రం సాయంత్రం, మగవాళ్లకి.

"ఇక్కడ పెట్టండమ్మగారూ."

పిల్లల పాఠాల పక్కన కూర్చుని నేర్చుకున్న చదువు ఆవిడది. మొదటిసారి, సంతకానికి ముందు చదివింది. మంచినీళ్ల చెరువు గట్టు పక్క నాలుగెకరాల్లో పాపారాజు గారు రొయ్యల చెరువు తవ్వడానికి సభ ఒప్పుకుందట. జరగని సభ. ఆ నాలుగెకరాలు అమ్మ పసుపు కుంకుమల కింద తనకిచ్చినవి.

"రిజిస్టరు ఇక్కడుంచండి. సభకి నేనే తెస్తాను."

"మనింటి ఆడవాళ్లు సభలకి వెళ్లరు" అన్నారు పాపారాజు గారు. గ్లాసు గడప దాటాలి గానీ కాఫీ కలిపిన చెయ్యి దాటకూడదని అత్తగారు అనేవారు. సాయంత్రం ఆ చేతిలోనే రిజిస్టరు పెట్టుకుని సూర్యావతి గడప దాటింది. దారిలో మాణిక్యాంబ గుమ్మం దగ్గరా, ఆ పక్కింటి కోడలు చిన్నమ్మాయి గుమ్మం దగ్గరా ఆగి, "నువ్వు దేనికి సంతకం పెట్టావో తెలుసా?" అని చదివి వినిపించింది. పంచాయతీ ఆఫీసు చేరేసరికి వెనక ఇరవైమంది ఆడవాళ్లున్నారు.

"రొయ్యలు వద్దనడం లేదండి" అంది సూర్యావతి నిలబడి. "మా మేడ, మా పిల్లల చదువులు వాటివల్లే. మురుగు కాలువ అవతల తవ్వుకోండి. మంచినీళ్ల గట్టు పక్కన మాత్రం వద్దు."

"ఇంటి విషయం ఇంట్లో మాట్లాడుకుందాం" అన్నారు పాపారాజు గారు మెల్లగా.

"పొలం నాదండి. నీళ్లు ఊరివి. ఇందులో ఇంటి విషయం ఏముంది?"

ఎవరో నవ్వారు. మాణిక్యాంబ "నా సంతకం కొట్టెయ్యండి" అంది. తర్వాత చిన్నమ్మాయి. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు. దుర్గాసాయి పాత తీర్మానం కొట్టేసి, ఆవిడ చెప్పినట్టే కొత్తది రాశాడు. సూర్యావతి తన పేరు పూర్తిగా, పెద్ద అక్షరాలతో రాసింది.

ఇంటికొచ్చి పాపారాజు గారు కుర్చీలో కూలబడ్డారు. "కాఫీ."

"టిన్ను నీళ్లు ఇవాళ కూడా రాలేదండి" అంది ఎదుటి కుర్చీలో కూర్చుంటూ. "గిన్నె మీరే తోముకుని, కుళాయి నీళ్లతో కలిపి చూడండి."